ఇరవై మూడుసార్లు లేచిన కంటెయినర్

సోమవారం గ్రంథాలయానికి సెలవు. అందుకే ఆ సోమవారం పొద్దున తాళంకప్ప వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్ళాలి, పది నిమిషాల్లో ఒక పాత కంటెయినర్‌ని ఆపాలి, పదింటికల్లా ఇల్లు చేరాలి, పన్నెండింటికి భార్యతో కలిసి మరదలి ఇంటికి భోజనానికి వెళ్ళాలి.

తాళంకప్ప అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, గ్రంథాలయంలో తోటివాళ్ళు పెట్టుకున్నది. అక్కడి కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. సాయంత్రం సర్వర్ గదికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, సగం మెట్లు దిగి, మళ్ళీ పైకెక్కి మూడోసారి లాగి చూసేవాడు. అన్నం కారియర్‌కి కూడా చిన్న తాళం ఉండేది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు గదిలో ఎవరూ లేకపోయినా ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

"పది నిమిషాల పని అన్నారు. మళ్ళీ మధ్యాహ్నం చెయ్యకండి," అంది భార్య గుమ్మంలో నిలబడి.

"ఆపడానికి అర నిమిషం చాలు. ఆగిందని నమ్మడానికే మిగతా తొమ్మిదిన్నర," అన్నాడు తాళంకప్ప చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

"మరిది కూడా పొద్దున్నే అక్కడికే వెళ్ళాడట. చెల్లి చెప్పింది. వచ్చేటప్పుడు వెంటబెట్టుకు రండి."

చెప్పులోకి వెళ్తున్న కాలు సగంలో ఆగిపోయింది. "సెలవురోజు వాడికి అక్కడేం పని?"

"మీకేం పనో వాడికీ అదే పని. ఉద్యోగం."

ఆ జవాబు తాళంకప్పకు బొత్తిగా రుచించలేదు. తోడల్లుడు కూడా అదే గ్రంథాలయంలో, కింది అంతస్తులో కేటలాగు విభాగం చూస్తాడు. అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. అందుకని అతని మీద తాళంకప్పకు మొదటినుంచీ ఒక కన్ను. పైగా కిందటేడు ఒకసారి, "అన్నయ్యగారూ, మీ సర్వర్ గది లోపల ఎలా ఉంటుందో చూపించరా?" అని అడిగాడు. పోయిన నెల ఎవరో చుట్టాలింట్లో అందరూ కూర్చుని ఉండగా 'కంటెయినర్' అన్న మాటను సరైన చోట వాడాడు. ఆ మాట వీడికెవరు నేర్పారా అని తాళంకప్ప దారిపొడుగునా ఆలోచిస్తూ ఇంటికొచ్చాడు.

సర్వర్ గది రెండో అంతస్తులో మెట్ల పక్కనే ఉంటుంది. కిటికీ లేదు. మధ్యలో బీరువా అంత నల్లటి యంత్రం, జలుబు చేసిన మనిషిలా ఎప్పుడూ గురగుర. చూడ్డానికి ఒక్క యంత్రమే కానీ లోపల ఏడు కంప్యూటర్లు కాపురం ఉంటాయి. అవి నిజం కంప్యూటర్లు కావు. ఎవరికి వాళ్ళు సొంత యంత్రం మీదే ఉన్నామనుకునే ఉత్తుత్తి కంప్యూటర్లు. వాటిని వర్చువల్ మెషిన్లంటారు. ఒక ఇంట్లో ఎవరి వంటిల్లు, ఎవరి వీధితలుపు వాళ్ళకున్న వాటాల్లాంటివి. కంటెయినర్లు ఇంకా చిన్నవి. ఇంటివాళ్ళ వంటింట్లోనే వండుకుంటూ ఒక్క గదిలో సర్దుకునే అద్దెవాళ్ళు. వీళ్ళందరినీ అదుపులో ఉంచడానికి, యంత్రాన్ని నడిపించే లినక్స్‌లో ఆజ్ఞలున్నాయి. లోపల ఎవరెవరున్నారో చూపించేది ఒకటి, మర్యాదగా ఖాళీ చెయ్యమనేది ఒకటి, మెడపట్టి బయటికి గెంటేది ఇంకొకటి. తాళంకప్పకు ఆ మూడోదంటే కొంచెం మక్కువ.

ఇవాళ ఖాళీ చెయ్యాల్సింది పుస్తకాలు గుర్తుచేసే కంటెయినర్. గడువు దాటినా పుస్తకం తిరిగివ్వనివాళ్ళ ఫోన్లకు రోజూ పొద్దున ఒక్కసారి మెసేజ్ పంపడం దాని ఉద్యోగం. మూడేళ్ళు చేసింది. దాని స్థానంలోకి రావడానికి మర్యాదగా మాట్లాడే కొత్తది ఇంకో వర్చువల్ మెషిన్‌లో సిద్ధంగా ఉంది. మర్యాద ప్రసక్తి ఎందుకొచ్చిందంటే, పాత మెసేజ్ రాసింది తాళంకప్ప. అది ఇలా ఉండేది: "ఈ పుస్తకం మీ దగ్గరే ఉంది. ఆ సంగతి మాకు తెలుసు." దాని కింద పుస్తకం పేరు, ఆ కింద గ్రంథాలయం పేరు.

తొమ్మిదీ పదికి తాళంకప్ప కంటెయినర్‌ని మర్యాదగా ఖాళీ చెయ్యమన్నాడు. జాబితాలోంచి దాని పేరు పోయింది. లైటు ఆర్పి, తలుపుదాకా వెళ్ళి, అలవాటు కొద్దీ వెనక్కొచ్చి ఇంకోసారి జాబితా చూశాడు. పేరు ఉంది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఉంది. ఈసారి మెడపట్టి గెంటాడు. పోయింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆరు దగ్గర కంటెయినర్ ఏమీ ఎరగనట్టు వచ్చి జాబితాలో కూర్చుంది.

ఇంకొకరైతే కంగారుపడేవాళ్ళు. తాళంకప్పకు మాత్రం లోపల ఎక్కడో ఒక తృప్తి కలిగింది. ఎవరో ఏదో చేస్తారని అతను పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. ఇన్నాళ్ళకు ఎవరో ఏదో చేస్తున్నారు.

తనతోపాటు యంత్రంలోకి ఇంకెవరు వచ్చి ఉన్నారో చూశాడు. ఒక్కరే ఉన్నారు. కింది అంతస్తు, కేటలాగు గది.

"నంగనాచి," అన్నాడు తాళంకప్ప యంత్రంతో.

ముందు తోడల్లుణ్ణి బయటికి గెంటాడు, ఆ వెంటనే కంటెయినర్‌ని గెంటాడు. కొన్ని సెకన్లు గడిచాయి. కేటలాగు గది తిరిగి లోపలికొచ్చింది. దాని వెనకే కంటెయినర్ లేచింది. మళ్ళీ ఇద్దర్నీ గెంటాడు. మళ్ళీ ఇద్దరూ వచ్చారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? తాళంకప్ప కాగితం తీసుకుని టైములు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒకో గెంటుకు ఒకో గీత.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. ఆ కంటెయినర్‌కి జ్ఞాపకశక్తి లేదు. లేచిన ప్రతిసారీ అప్పుడే పుట్టినట్టు లేచి, ఇవాళ ఇంకా ఎవరికీ మెసేజ్ పంపలేదని నమ్మి, పుస్తకాలివ్వనివాళ్ళ జాబితా మొదటి పేరునుంచి పని మొదలుపెడుతుంది. ఆ జాబితా కూడా నిన్నటిలా లేదు. తోడల్లుడు రెండు నెలలుగా కింద కూర్చుని పాత చేతిరాత రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. పాతికేళ్ళుగా పుస్తకం తీసుకెళ్ళి తిరిగి మొహం చూపించనివాళ్ళంతా అందులో ఉన్నారు. ఆ సోమవారం ఆఖరి రిజిస్టరు. భోజనం వేళకి ముగించాలని అతని ఆత్రం. నిన్నటిదాకా నలభై పేర్లున్న జాబితా, ఆ రెండు నెలల పేర్లూ ఆ పొద్దునే వచ్చి చేరడంతో వందల్లోకి పోయి, తాళంకప్ప గీసే ఒకో గీతకీ ఇంకా పెరుగుతోంది.

పదింబావుకి తాళంకప్ప కిందికి ఫోన్ చేశాడు. గొంతులో తేనె పోసుకున్నాడు.

"ఏం తమ్ముడూ, పని బాగా సాగుతోందా?"

"ఏం సాగడమో అన్నయ్యగారూ. నిమిషానికోసారి బయటికి తోసేస్తోంది. మళ్ళీ లోపలికొస్తే మళ్ళీ తోస్తోంది. మీ వైపేమన్నా తేడా ఉందా?"

"నా వైపు ఏ తేడా లేదు. నీ వైపు?"

"నా వైపేముంటుంది?"

"నేనూ అదే అడుగుతున్నాను, నీ వైపు ఏముందని."

అప్పుడు తోడల్లుడికి కూడా ఒక విషయం తట్టింది. రెండు నెలల పని ఇవాళ ముగుస్తుంది, రేపు గ్రంథాలయం పెద్ద మేడమ్ అందరి ముందూ మెచ్చుకుంటుంది. సరిగ్గా ఇవాళే, సెలవురోజు, అన్నయ్యగారు పైన ఉన్నారు. సరిగ్గా ఇవాళే కంప్యూటర్ తోసేస్తోంది.

"సరే అన్నయ్యగారూ. అర్థమైంది," అన్నాడు.

"నాకూ అర్థమైంది," అన్నాడు తాళంకప్ప.

పది నిమిషాల తర్వాత భార్య ఫోన్ చేసింది.

"మరిది పనికి మీరు అడ్డం పడుతున్నారటగా. చెల్లి బాధపడుతోంది."

"ఏమిటీ, వాడప్పుడే ఇంటికి చెప్పేశాడా? అయితే వాడికి తెలిసిపోయిందన్నమాట."

"ఏం తెలిసిపోయింది?"

"నాకు తెలిసిపోయిందని."

భార్య ఒక నిట్టూర్పు విడిచింది. పదిహేడేళ్ళ కాపురంలో ఆమెకి బాగా అలవాటైన నిట్టూర్పు అది. "అసలేమైందో చెప్పండి."

"ఆపేసిన దాన్ని ఎవరో మళ్ళీ లేపుతున్నారు. ఇప్పటికి పధ్నాలుగుసార్లు."

"మీరే ఏదో పెట్టి మర్చిపోయుంటారు."

"నేను మర్చిపోయే మనిషినా?"

"మొన్న స్టోర్‌రూమ్‌లో దొంగ ఉన్నాడని పక్కింటాయన్ని కర్ర పట్టుకుని రమ్మన్నారు. లోపల మోగింది మీరు పెట్టిన అలారమే."

"అది వేరు," అని తాళంకప్ప ఫోన్ పెట్టేసి పదిహేనో గీత గీశాడు. ఆ తర్వాత కేటలాగు గది పాస్‌వర్డును పూర్తిగా మూసేశాడు. ఇప్పుడు వాడెలా వస్తాడో చూద్దామని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వాడు రాలేదు. కంటెయినర్ వచ్చింది. అంటే వాడి దగ్గర ఇంకో దొడ్డిదారి ఉందన్నమాట. ఇంత తెలివైనవాడని తాళంకప్ప అనుకోలేదు. పళ్ళు నూరుకుంటూ ఆరు గీతలు వరసగా గీశాడు.

పదకొండింటికి వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"సార్, గేటు దగ్గర వందమంది దాకా ఉన్నారు. పుస్తకాలు పట్టుకొచ్చారు. సెలవంటే వినడం లేదు."

"ఎవరు పిలిచారు వాళ్ళని?"

"మనమే పిలిచామట సార్. 'మీకు తెలుసట కదా' అంటున్నారు. నాకేం తెలీదు బాబూ అంటే, 'నీకు చెప్పి ఉండరులే' అంటున్నారు. అందరూ నన్ను అదోలా చూస్తున్నారు సార్."

తాళంకప్ప వరండాలోకి వచ్చి తొంగి చూశాడు. గేటు నుంచి మలుపుదాకా జనం. ఒక పళ్ళ డాక్టరు తెల్లకోటుతోనే వచ్చేశాడు, చేతిలో చేపల మీద పుస్తకం. ఒకావిడ సూట్‌కేసు తెచ్చింది. తండ్రి పోయాక అటక సర్దుతుంటే దొరికిన పుస్తకాలన్నీ అందులో ఉన్నాయట. ఒక జంట, తమ దగ్గరున్న పుస్తకం తీసుకుంది నువ్వంటే నువ్వని గొడవపడుతున్నారు. చేతిలో ఏమీ లేని ముసలాయన ఒకాయన, నేనెప్పుడో తిరిగిచ్చేశాను, నన్ను అనుమానిస్తారా, అదేదో నా ఎదురుగా తేల్చండి అంటూ గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ పక్కవాళ్ళకి తమ పుస్తకం పేరు కనిపించనివ్వడం లేదు. అందరూ అట్టలు గుండెకి ఆనించుకుని ఉన్నారు. మెసేజ్ ఒక్కసారి వస్తే పొరపాటనుకునేవాళ్ళు. ఇరవైసార్లు వస్తే, తరవాత వచ్చేది మెసేజ్ కాదు, మనిషే అనుకున్నారు.

వీళ్ళంతా తోడల్లుడు పోగేసిన సాక్షులని తాళంకప్ప తీర్మానించుకున్నాడు. గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు. అంతలో తలుపు చప్పుడైంది.

"ఎవరు?"

"నేనే అన్నయ్యగారూ."

"నేనే అంటే?"

"తలుపు అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నాను కదండీ. తలుపు తియ్యండి."

తోడల్లుడు లోపలికొచ్చాడు. ఎప్పుడూ ఉండే నవ్వు మొహాన లేదు. "నా పాస్‌వర్డు ఎందుకు మూసేశారు?"

"నువ్వెందుకు కంటెయినర్‌ని లేపుతున్నావు?"

"ఏ కంటెయినర్‌ని?"

"ఏమీ తెలీనట్టు అడక్కు. చుట్టాలింట్లో ఆ మాట నువ్వే వాడావు."

"పేపర్లో చదివాను అన్నయ్యగారూ. మీకు నచ్చుతుందని వాడాను."

తాళంకప్ప నమ్మలేదు. తోడల్లుణ్ణి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ బల్ల మీద కనిపించేలా పెట్టమన్నాడు. "మీవి కూడా పెట్టండి మరి. మీరే లేపి నా మీదికి తోస్తే?" అన్నాడు తోడల్లుడు. అదీ న్యాయంగానే తోచింది. తాళంకప్ప ఒక్క వేలితో కంటెయినర్‌ని గెంటి, ఆ వేలిని కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాలుగు చేతులు బల్ల మీద. రెండు జతల కళ్ళు తెర మీద, మధ్యమధ్యలో ఒకరి చేతుల మీద ఒకరివి. ఆరు లెక్కపెట్టేసరికి కంటెయినర్ లేచింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మూడోవాడెవడో ఉన్నాడు," అన్నాడు తాళంకప్ప మెల్లగా.

బయటివాళ్ళెవరో దూరి ఉంటారని భవనానికొచ్చే ఇంటర్‌నెట్ కేబుల్ పీకేశాడు. మళ్ళీ గెంటాడు. మళ్ళీ లేచింది. ఇంక భవనంలో మిగిలింది వాచ్‌మన్. అతని దగ్గర ఉన్నది టార్చిలైటు ఒక్కటే.

"పెద్ద మేడమ్ నిన్న వెళ్తూ వెళ్తూ ఏమైనా చేసి..." అన్నాడు తోడల్లుడు.

"ఆవిడకి కంప్యూటర్ ఆన్ చెయ్యడమే రాదు."

"రాదని మనకెవరు చెప్పారు? ఆవిడే కదా."

తాళంకప్ప తోడల్లుడి వంక మొదటిసారి గౌరవంగా చూశాడు. మన ఇంటి అల్లుడే అనిపించింది. అంతలో తోడల్లుడు మామూలు గొంతుతో ఒక మామూలు ప్రశ్న వేశాడు. "యంత్రం ఎప్పుడేం జరిగిందో చిట్టా రాసుకుంటుందంటారు కదా. అందులో ఏముంది?"

"చూడలేదు."

"పొద్దున్నుంచీనా?"

"దొంగవి నువ్వేనని తెలుసు కదా. చూడ్డమెందుకు?"

చిట్టా తెరిచారు. యంత్రం దాపరికం లేకుండా అంతా రాసుకుంది. కంటెయినర్ ఆగింది. నియమం ప్రకారం మళ్ళీ లేపడమైనది. ఇది మొదటిసారి. కంటెయినర్ ఆగింది. నియమం ప్రకారం మళ్ళీ లేపడమైనది. ఇది రెండోసారి. అలా కిందికి పోతే చిట్టచివర, ఇది ఇరవై మూడోసారి. ఏమిటా నియమమని ఆ ఫైలు తెరిస్తే మొదటి వరసలోనే, మూడేళ్ళ కిందటి తేదీతో, ఇలా రాసి ఉంది: "దీన్ని ఎవరో ఒకరు ఆపడానికి చూస్తారు. ఎన్నిసార్లు ఆపినా లేపాలి. ఎవరి మాటా వినకూడదు." కింద తాళంకప్ప పేరు, హోదా, ఫోన్ నంబరు.

తాళంకప్ప కళ్ళజోడు తుడుచుకుని ఆ పేరు ఇంకోసారి చదివాడు.

"ఎవరి మాటా అంటే మీ మాట కూడానా అన్నయ్యగారూ?" అన్నాడు తోడల్లుడు.

"నేనే ఆపుతానని అప్పుడు అనుకోలేదు."

పొద్దున్నుంచీ అతను గెంటుతున్నది అద్దెవాణ్ణి. వాణ్ణి మళ్ళీ లోపలికి తెచ్చే, తను రాసిన నియమమనే కాపలావాణ్ణి ఒక్కసారి కూడా ఆపమనలేదు. ముందు కాపలావాణ్ణి ఆపి, తరవాత కంటెయినర్‌ని ఆపాలి. అర నిమిషం పట్టింది. ఇద్దరూ నూరు దాకా లెక్కపెట్టారు. లేవలేదు. తాళంకప్ప కోసం ఇంకో నూరు లెక్కపెట్టారు.

అప్పుడు తెలిసింది మెసేజ్‌ల సంగతి. సిమ్ కార్డు పెట్టిన చిన్న పెట్టె ఒకటి యంత్రం వెనకాల మెరుస్తూ ఉంది. ఇంటర్‌నెట్ కేబుల్‌తో దానికి సంబంధం లేదు. ఎన్ని పంపిందో చూసి తోడల్లుడు గోడకి చేరగిలబడ్డాడు. ఏడు వేల చిల్లర.

"ఆ పాత పేర్లన్నీ ఎక్కించింది నేనే," అన్నాడు నీరసంగా.

"ఆ మాటలు రాసింది నేను," అన్నాడు తాళంకప్ప.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పెద్ద మేడమ్. ఆవిడ అన్నవి మూడే మాటలు. "వస్తున్నాను. ఎవరూ కదలకండి."

గ్రంథాలయానికి ఆవిడే పెద్ద. కోపమొచ్చినప్పుడు గొంతు పెంచదు, తగ్గిస్తుంది. పుస్తకం తిరిగివ్వనివాళ్ళ సభ్యత్వం శాశ్వతంగా రద్దు చెయ్యాలన్న నియమం ఆవిడ సంతకంతోనే హాల్లో గోడకి వేలాడుతోంది. అలాంటి మనిషి సెలవురోజు రోడ్డు నిండా జనాన్ని చూస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తాళంకప్ప పన్నెండేళ్ళ ఉద్యోగం కళ్ళ ముందు కదిలింది.

"నువ్వు కిందికి పో. నువ్వు ఇక్కడ లేవు. నేనొక్కణ్ణే చెప్పుకుంటాను," అన్నాడు.

తోడల్లుడు అతని వంక అనుమానంగా చూశాడు. "ఒక్కరే ఏం చెబుతారు?"

"ఉన్నదే చెబుతాను."

"అయితే ఇద్దరం చెబుదాం. ఉన్నది మీరొక్కరే చెబితే ఆవిడ నమ్మదు."

మేడమ్ వెనక దారిన వచ్చింది. రెండు అంతస్తులు ఎక్కి కొంచెం ఆయాసపడుతోంది. చేతిసంచిని రెండు చేతులతో కడుపుకి అదుముకుని ఉంది. లోపలికి రాగానే తలుపు తనే మూసింది.

"ఈ మెసేజ్ పంపిందెవరు?" గొంతు బాగా తగ్గి ఉంది.

"నేను మేడమ్," అన్నాడు తాళంకప్ప.

"నేను కూడా మేడమ్," అన్నాడు తోడల్లుడు.

"ఎందుకు పంపారు?"

"ఆపుదామని మేడమ్."

"ఆపుదామని ఇరవై మూడుసార్లు పంపారా?"

"అవును మేడమ్," అన్నాడు తాళంకప్ప. ఉన్నది చెప్పడం ఇంత కష్టమని అతనికి ఇంతకుముందు తెలీదు.

మేడమ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "జాబితాలో పేర్లు చూశారా?"

"లేదు మేడమ్."

"ఒక్కటి కూడా?"

"నేనే ఎక్కించాను మేడమ్. కానీ చెయ్యి దాని మానాన అది కొట్టుకుంటూ పోయింది. ఎవరెవరున్నారో బుర్రకెక్కలేదు," అన్నాడు తోడల్లుడు.

"చూడలేదని ఎంత బాగా చెబుతున్నారు ఇద్దరూ," అంది మేడమ్. "అంటే మీకు తెలుసన్నమాట."

"ఏం తెలుసు మేడమ్?"

"మెసేజ్‌లోనే ఉంది కదా, తెలుసని."

తాళంకప్పకు ఆవిడ చూపు ఎక్కడో చూసినట్టనిపించింది. ఆ సన్నగా అయిన కళ్ళు, ఎదుటివాళ్ళ చేతులు ఎటు కదులుతాయోనని ఆ కాపలా. రోజూ గెడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపించే చూపే అది. అతను ఏదో అనబోయేలోపు మేడమ్ కుర్చీలాక్కుని కూలబడింది.

"సరే. దాచి లాభం లేదు," అంది. "మా అమ్మ ఫోన్‌కి వచ్చాయి ఇరవై మూడూ. పొద్దున్నుంచీ, ఎవరికి తెలుసే, ఏం తెలుసే అని నా ప్రాణం తీస్తోంది. అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. మా నాన్నగారి కార్డు మీద తీసుకున్నాను, ఆయన నంబరు ఇప్పుడు అమ్మ దగ్గరే ఉంది. రేపిద్దాం, ఎల్లుండిద్దాం అనుకుంటుండగానే ఇక్కడ ఉద్యోగం వచ్చింది. చేరిన రోజే తిరిగిస్తే బాగుండదనిపించింది. తరవాత పైకొచ్చాను. ఆ నియమం మీద సంతకం పెట్టాను. ఇంక ఇచ్చే దారేది?"

చేతిసంచి తెరిచి, పాత న్యూస్‌పేపర్లో చుట్టిన పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. కాగితం విప్పితే 'తేనెటీగల పెంపకం'. ఇరవై రెండేళ్ళ కిందటి గడువు తేదీ ముద్ర వెలిసిపోకుండా అలాగే ఉంది.

"తేనెటీగల్ని పెంచారా మేడమ్?" అన్నాడు తోడల్లుడు. అతని నోరు అలాంటిది.

"లేదు. బొమ్మలు బాగున్నాయి." ఆవిడ కాసేపు ఆ అట్ట మీద ఉన్న తేనెటీగనే చూసింది. తరవాత తలెత్తింది. "నిజం చెప్పండి. మీకు ముందే తెలుసు కదూ?"

తెలీదని చెప్పడానికి తాళంకప్ప నోరు తెరిచాడు. తోడల్లుడు బల్ల కింద అతని కాలు తొక్కాడు.

"మేమెవరితోనూ అనం మేడమ్," అన్నాడు తోడల్లుడు.

"అనం మేడమ్," అన్నాడు తాళంకప్ప. ఆ ఒక్క ముక్క చాలు. అబద్ధమూ కాదు.

మేడమ్ చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది. గొంతు మామూలైంది. "ఇవాళ జరుగుతున్నది పుస్తకాల వాపసు దినం. నెల కిందటే అనుకున్నాం. తెచ్చినవాళ్ళెవరి సభ్యత్వమూ రద్దు కాదు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

"అయితే గేటు తీయించండి."

గేటు తీశారు. తాళంకప్ప ఒక బల్ల దగ్గర, తోడల్లుడు ఇంకో బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలు తీసుకున్నారు. జనం తలలు వంచుకుని పుస్తకం బల్ల మీద పెట్టి, పేరు రాయించి, గబగబా వెళ్ళిపోయారు. పళ్ళ డాక్టరు మాత్రం ఆగి, ఇంకా ఎవరికైనా తెలుసా అని గుసగుసగా అడిగాడు. లేదని తాళంకప్ప మాటిచ్చాడు. చేతిలో ఏమీ లేని ముసలాయన పుస్తకం అరలో భద్రంగానే ఉందని తేలింది. మేడమ్ ఆయనకి స్వయంగా కుర్చీ వేసి, క్షమాపణ చెప్పి, మంచినీళ్ళు ఇప్పించింది. పోయిందనుకుని ఆశ వదులుకున్న పుస్తకాలు, ఇంకెక్కడా దొరకనివి, సూట్‌కేసులోంచి వరసగా బయటికొస్తుంటే ఆవిడ పక్కనే నిలబడి ఒక్కొక్కదాన్నీ చీర కొంగుతో తుడిచింది.

తోడల్లుళ్ళు భోజనానికి చేరేసరికి సాయంత్రం ఐదైంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ రెండు కుర్చీల్లో రెండు మూలలకి మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. మొగుళ్ళు కొట్టుకుంటుంటే కలిసి నవ్వుకోవడం బాగుండదని పొద్దున్నుంచీ మాటలు మానేశారు. తీరా చూస్తే ఆ మొగుళ్ళు భుజం భుజం రాసుకుంటూ మెట్లెక్కి వచ్చారు. "మీరు ముందు వేసుకోండి అన్నయ్యగారూ," అని ఒకరు, "నువ్వు అలిసిపోయావు తమ్ముడూ, నువ్వే వేసుకో," అని ఒకరు.

"పొద్దున ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు. ఇప్పుడీ మర్యాదలేమిటి? ఏం జరిగింది బావగారూ?" అంది మరదలు.

"ఏం లేదు," అన్నారు ఇద్దరూ.

"ఏం లేదని ఇద్దరూ ఒకేసారి అన్నారంటే ఏదో ఉంది," అంది తాళంకప్ప భార్య. ఆమె చెల్లెలి వంక చూసింది. చెల్లెలు కుర్చీ దగ్గరగా లాక్కుంది. పొద్దున్నుంచీ మూగబోయిన అక్కాచెల్లెళ్ళు వంటింట్లోకి వెళ్ళి, వీళ్ళేం దాస్తున్నారో తేల్చడానికి గుసగుసలు మొదలుపెట్టారు.

మర్నాడు రిజిస్టరు సరిచూస్తే తిరిగొచ్చిన పుస్తకాలు మూడువందల పదకొండు ఉన్నాయి, తెచ్చినవాళ్ళ పేర్లు మాత్రం మూడువందల పదికే రాసి ఉన్నాయి.